గోడ పక్క పిల్లాడు

గురువారం పదకొండూ నలభైకి మూడో తరగతి పిల్లాడొకడు బడి గేటు దాటాడు.

వాడు మాయమయ్యాడని తెలిసింది పన్నెండూ పదికి. అన్నం గంట కొట్టాక, డబ్బా తెరవడానికి వాడు లేకపోయాక.

అరగంట. జోరువాన. గేటు బయట స్కూటరు చక్రాల జాడ కూడా మిగల్లేదు.

ఇన్‌స్పెక్టర్ జీపు దిగేసరికి పన్నెండూ నలభై. ఆవిడకి నలభై దాటి ఒకటి రెండేళ్ళు. సన్నగా, పొడుగ్గా ఉంటుంది. గొంతు పెంచదు. ఎదుటి మనిషి మాట్లాడుతుంటే రెప్ప వేయకుండా వింటుంది. స్టేషన్లో పాత నేరస్తులు కూడా లాఠీకి కాదు, ఆ వినడానికి జడుస్తారు.

ఆవిడ వెనకే హెడ్ కానిస్టేబుల్ దిగాడు. మరో ఏడాదిలో రిటైరయ్యే మనిషి. ఆవిడ ఆయన్ని బాబాయ్ అంటుంది.

ముందు ప్రిన్సిపాల్ గదిలోకి వాచ్‌మన్‌ని పిలిచారు.

"ఎవరొచ్చారు?"

"ఆడమనిషండీ. స్కూటర్ మీద."

"మొహం చూశావా?"

"నల్ల హెల్మెట్. అద్దం దించే ఉంది. అంత వానలో తీయమని ఎలా అంటానండీ."

"ఏమంది?"

"అవుట్‌పాస్ ఇచ్చింది. పిల్లాడి పేరు, మూడో తరగతి. అంతే రాసుంది. వాళ్ళమ్మకి బాగోలేదట, తీసుకెళ్ళాలంది."

"నువ్విక్కడ ఎన్నాళ్ళనుంచి చేస్తున్నావు?"

"మూడు నెలలైందండీ."

తర్వాత ఆయా. చీర కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది.

"క్లాసులోకెళ్ళి పేరు పిలిచానమ్మా. ముగ్గురు లేచారు."

"ముగ్గురేంటి?"

"ముగ్గురిదీ ఒకటే పేరమ్మా."

ఎనిమిదేళ్ళ కిందట ఆ పేరు జనానికి బాగా పట్టింది. ఏ ఉయ్యాల చూసినా అదే పేరు. ఆ ఏడు పుట్టినవాళ్ళంతా ఒకేసారి బడిలో చేరారు. పేరు పిలిస్తే మూకుమ్మడిగా లేస్తున్నారని ఒకటో తరగతి టీచరమ్మ ఉపాయం ఆలోచించింది. ఎవడు ఎక్కడ కూర్చుంటే వాడికి ఆ పేరు. కిటికీ దగ్గర కూర్చున్నవాడు కిటికీ. తలుపు దగ్గరవాడు తలుపు. నల్లబల్ల ముందువాడు బోర్డు. ఇంటిపేర్లు ఎవరికీ గుర్తులేవు. అమ్మానాన్నలు కూడా ఫోన్ చేసి, "మా తలుపుగాడు హోంవర్క్ రాశాడా అండీ?" అనడం మొదలుపెట్టారు.

"ముగ్గురు లేస్తే నువ్వేం చేశావు?"

"వరండా చివర్నుంచి కేకేసి వాచ్‌మన్నే అడిగానమ్మా, ఏ పిల్లాడో కనుక్కోమని. కిటికీ అన్నాడు. కిటికీని పంపించాను."

ఇన్‌స్పెక్టర్ వాచ్‌మన్ వైపు తిరిగింది. "కిటికీ అని ఎవరన్నారు? నువ్వా, ఆవిడా?"

"ఆవిడేనండీ. కిటికీ దగ్గర పిల్లాడు అంది. పిల్లాడొచ్చాక సీటు కింద నుంచి పసుపుపచ్చ రెయిన్‌కోటు తీసి తొడిగింది. మెడ దాకా గుండీలు పెట్టింది. కుట్టించినట్టు సరిపోయింది వాడికి. నవ్వుతూ ఎక్కి కూర్చున్నాడు. ఎడం పక్కకి, వంతెన వైపు వెళ్ళిపోయారు."

ప్రిన్సిపాల్ అంతవరకూ కుర్చీలో కదలకుండా కూర్చుంది. మడత నలగని చీర, వేళ్ళ మధ్య తిరుగుతున్న పెన్ను. ఇప్పుడు గొంతు సవరించుకుంది.

"ఒక విషయం మేడమ్. సోమవారం నాడు బెంచీలు మార్చాం. ఇప్పుడు కిటికీ పక్కన కూర్చునేది వేరే పిల్లాడు. కాంట్రాక్టర్‌గారి అబ్బాయి. తలుపు అంటారు వాణ్ణి."

"అంటే?"

"ఆ మనిషి కిటికీ దగ్గర పిల్లాడు అన్నది వాడి కోసం. మా ఆయా అది ముద్దుపేరనుకుని ఇంకొకణ్ణి పంపేసింది. పొరపాటు."

అదే సమయానికి కాంట్రాక్టర్ తడిసిన బూట్లతో లోపలికి వచ్చాడు. భారీ మనిషి. నేరుగా వెళ్ళి సోఫాలో బిస్కెట్లు తింటున్న కొడుకుని ఒళ్ళోకి లాక్కున్నాడు. వాడూ తండ్రి పోలికే. బొద్దుగా, బుగ్గలు ఉబ్బి ఉన్నాడు.

"పన్నెండూ యాభై అయిదుకి నాకు ఫోనొచ్చింది," అన్నాడు. "గొంతుకి గుడ్డ అడ్డం పెట్టుకున్నట్టుంది. ఆడో మగో తెలియలేదు. నీ కొడుకు నా దగ్గరున్నాడు, నాలుగూ ఇరవై తర్వాత శవం ఎక్కడుందో చెబుతాను అన్నారు. నా కొడుకు బళ్ళో ఉన్నాడని అప్పటికే ప్రిన్సిపాల్‌గారు చెప్పారు కాబట్టి సరిపోయింది. లేకపోతే గుండాగిపోయేది."

"ఏమడిగారు?"

"ఏమీ అడగలేదు. అదే భయం."

ప్రిన్సిపాల్ చేతిలో పెన్ను ఆగింది. "ఎన్నింటికన్నారు?"

"నాలుగూ ఇరవై."

"నాలుగూ ఇరవైయేనా? సరిగ్గా విన్నారా?"

"చెవుడు లేదండీ నాకు."

ఆ నంబరుకి చేస్తే స్విచాఫ్. ఎవరి పేరు మీదుందో తెలియడానికి రేపటిదాకా పడుతుంది. కాంట్రాక్టర్‌కి శత్రువులు కరువా అంటే, కాదు. పోయినేడు ఆయన కట్టిన మేడ కూలి ఆరుగురు పోయారు. ఆ ఆరు కుటుంబాల అడ్రసులతో రెండు జీపులు బయల్దేరాయి. ఇంకొకటి వంతెన వైపు పరిగెత్తింది.

ఇన్‌స్పెక్టర్ అందరికీ ఒక్క మాటే చెప్పింది. "ఆ శవం మాట, ఆ టైము, పిల్లాడి తల్లి చెవిన పడకూడదు."

తల్లి బయట మెట్ల మీద కూర్చుని ఉంది. నర్సు. తెల్ల కోటు విప్పడం కూడా మరిచిపోయి డ్యూటీలోంచి పరిగెత్తుకొచ్చింది. ఒకప్పుడు ఈ బడిలోనే పిల్లల ఆరోగ్యం చూసేది. ఇప్పుడు ఆస్పత్రిలో చేస్తోంది. వాన జల్లు మోకాళ్ళ మీద పడుతున్నా జరగలేదు.

"మావాణ్ణి ఎవరెత్తుకుపోతారు మేడమ్," అంది. "మా దగ్గరేముందని. ఆ పిల్లాడనుకుని పట్టుకుపోయుంటే, కాదని తెలిశాక వదిలేస్తారు కదా? వదిలేస్తారు కదూ?"

ఇన్‌స్పెక్టర్ జవాబు చెప్పలేదు. ఆవిడకి అబద్ధం చెప్పడం చేతకాదు.

*

గేటుకి ఎదురుగా, వీధికి ఆవలి పక్క, ఒకటే దుకాణం. కింద టైలర్ షాపు. పైన ఒక గది. బడి యూనిఫారాలన్నీ అక్కడే కుడతారు. ఒకటీ నలభైకి ఇన్‌స్పెక్టర్ రోడ్డు దాటింది.

టైలరమ్మ ముప్ఫై అయిదేళ్ళ చిన్నపాటి మనిషి. మెడలో టేపు, పెదాల మధ్య రెండు గుండుసూదులు. ఆవిడ లేవలేదు. కాలర్ చివరిదాకా కుట్టు వేసి, దారం తెంపి, సూదులు తీసి మాట్లాడింది.

"చూశానండీ. నల్ల హెల్మెట్. వంతెన వైపు వెళ్ళింది."

"ఎన్నింటికి?"

"పదకొండూ నలభై, నలభై రెండు. వానకి షట్టర్ సగం దించాను. సందులోంచి చూశాను."

"పిల్లాడు తెలుసా మీకు?"

"ఈ బళ్ళో తెలియనిదెవరు? అందరి కొలతలూ, వాళ్ళ నాన్నల ఫోన్ నంబర్లూ నా దగ్గరే ఉన్నాయి." చేతిలో బట్ట తిప్పింది. "పాపం, వాళ్ళమ్మ వచ్చినప్పట్నుంచీ మెట్ల మీదే కూర్చుంది. చూస్తూనే ఉన్నా."

ఇన్‌స్పెక్టర్ నోట్‌బుక్ మూసింది. వెళ్ళబోతూ మిషను వంక చూసింది. ఆవిడ తల్లి కూడా బట్టలు కుట్టేది. మిషను ఎప్పుడూ వెలుతురు ఎడం పక్కనుంచి పడేలా వేసుకునేది. ఈ మిషను ముఖం మొత్తం వీధిలోకి తిప్పి ఉంది. షాపులో లైటు వెనకుంది. సూది మీద పడుతున్నది టైలరమ్మ నీడే.

చిన్న విషయం. జేబులో వేసుకున్నట్టు మనసులో వేసుకుని బయటికి వచ్చింది.

రెండింటికి ఒక జీపు తిరిగి వచ్చింది. రెండున్నరకి ఇంకొకటి. మేడ కూలిన కుటుంబాల్లో నలుగురు ఊళ్ళోనే లేరు. ఒకాయన ఆస్పత్రిలో ఉన్నాడు. ఒకావిడ, "ఆ కాంట్రాక్టర్ని చంపాలనుంది, కానీ పిల్లాడేం చేశాడండీ?" అని ఎదురడిగి పోలీసులకి టీ ఇచ్చింది.

వంతెన మీద చెక్‌పోస్టు ఉంది. ఉదయం నుంచి పసుపుపచ్చ కోటు అటు దాటలేదు.

"గాల్లో కలిసిపోయాడా మేడమ్," అన్నాడు హెడ్ కానిస్టేబుల్.

"వాచ్‌మన్ చెప్పింది మళ్ళీ చెప్పండి బాబాయ్. మాట పొల్లుపోకుండా."

ఆయన తన పుస్తకం తీసి చదివాడు. కిటికీ దగ్గర పిల్లాడు అంది. రెయిన్‌కోటు తొడిగింది. మెడ దాకా గుండీలు పెట్టింది. కుట్టించినట్టు...

"ఆగండి."

ఇన్‌స్పెక్టర్ మూడో తరగతిలోకి నడిచింది. మూడూ అయిదు. పిల్లలు చప్పుడు చేయకుండా కూర్చుని ఉన్నారు. గోడకి కొక్కేలు, కొక్కేలకి తడి రెయిన్‌కోట్లు. వాటిలో సన్నటి పిల్లాడి కోటొకటి తీసుకుంది. ప్రిన్సిపాల్ గదిలోంచి కాంట్రాక్టర్ కొడుకుని పిలిపించింది.

"ఇది తొడుక్కో నాన్నా."

వాడు ఒక చెయ్యి దూర్చాడు. కోటు మోచేతి దగ్గర ఆగిపోయింది. వాడు బలంగా లాగాడు. చంక దగ్గర పటుక్కుమంది. క్లాసంతా నవ్వింది. ఇన్‌స్పెక్టర్ నవ్వలేదు.

"మీలో ఒకే పేరున్నవాళ్ళు ఎవరర్రా?"

"తలుపు, బోర్డు, కిటికీ," అన్నారు పిల్లలు. ముందు బెంచీలో రెండు జడల పిల్ల చెయ్యెత్తింది. "ఇంకా గోడ, టీచర్." పోలీసుని టీచర్ అనకూడదని దానికి తోచలేదు.

"గోడ ఎవరమ్మా?"

"వాడు లేడు. ఒకటో తరగతిలో చచ్చిపోయాడు. సూది వేశారు."

*

ఆఫీసు గుమాస్తా బీరువా తాళం కోసం పది నిమిషాలు వెతికాడు. ప్రిన్సిపాల్ వైపు చూశాడు. ఇన్‌స్పెక్టర్ ఆయన వైపు చూసింది. తాళం దొరికింది.

గోడ ఫైలు పల్చగా ఉంది. నాలుగు కాగితాలు. ఇన్‌స్పెక్టర్ నిలబడే చదివింది. మరణించిన సమయం దగ్గర ఆవిడ వేలు ఆగింది. తల్లి వృత్తి దగ్గర ఇంకోసారి ఆగింది.

మూడూ నలభై.

హెడ్ కానిస్టేబుల్‌ని వరండా చివరకి తీసుకెళ్ళి చెవిలో ఏదో చెప్పింది. ఆయన మొహం మారింది. "నేను అందర్నీ క్లాసులో కూర్చోబెడతాను," అంది ఆవిడ. "మీ పని అయ్యాక ఫోన్ రెండుసార్లు మోగించి పెట్టేయండి. నేను పిలిచేదాకా లోపలికి రాకండి."

నాలుగింటికి పిల్లలు లేని మూడో తరగతి గదిలో, పిల్లల బెంచీల మీద పెద్దవాళ్ళు మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నారు. ప్రిన్సిపాల్. కాంట్రాక్టర్. వాచ్‌మన్, ఆయా. నర్సు. సాక్షి వాంగ్మూలం మీద సంతకం కావాలని కబురు పెడితే టైలరమ్మ కూడా వచ్చింది. మెడలో టేపు అలాగే ఉంది. వచ్చి గోడ పక్క బెంచీ మీద కూర్చుంది.

"రెయిన్‌కోటు సంగతి చూద్దాం," అంది ఇన్‌స్పెక్టర్. "పిల్లాణ్ణి తీసుకెళ్ళిన మనిషి కోటు ముందే సీటు కింద పెట్టుకుని వచ్చింది. అంటే, ఎవరి కోసం వచ్చిందో వాడికి సరిపోయేది తెచ్చుకుంటుంది. అవునా?"

వాచ్‌మన్ తలూపాడు.

"ఈయన కొడుక్కి ఆ సైజు మోచెయ్యి దాటదు. తొడిగి చూశాను. వెళ్ళినవాడికి మెడ దాకా గుండీలు పడ్డాయి. ఆవిడ కిటికీ అని అడిగింది కిటికీనే. దొరికింది కిటికీయే. ఇక్కడ పొరపాటేమీ జరగలేదు."

కాంట్రాక్టర్ ముందుకి వంగాడు. "మరి నాకెందుకు ఫోన్ చేసినట్టు?"

"పొరపాటు జరిగిందని మనందరం అనుకోవాలి కాబట్టి." ఇన్‌స్పెక్టర్ ఫైలు తెరిచింది. "రెండేళ్ళ కిందట ఈ క్లాసులో ఆ పేరున్నవాళ్ళు నలుగురు. నాలుగోవాడు గోడ. జ్వరమొస్తే బళ్ళో ఇంజెక్షన్ చేశారు. ఆ మందు వాడికి పడదు. వాడి హెల్త్ కార్డులో ఎర్ర ఇంకుతో రాసుంది. కానీ చూసిన కార్డు వాడిది కాదు. విచారణ జరిగింది. ఒకే పేరు గల విద్యార్థులు ఉన్నందున పొరపాటు జరిగినది, ఇందుకు ఎవరినీ బాధ్యులుగా పరిగణించజాలము. కింద ప్రిన్సిపాల్‌గారి సంతకం. పిల్లాడు పోయిన సమయం సాయంత్రం నాలుగూ ఇరవై."

నర్సు తలెత్తింది. "నాలుగూ ఇరవై ఏంటి? ఇప్పుడా మాటెందుకు?"

"ఫోన్‌లో గడువు అదేనమ్మా. నాలుగూ ఇరవై తర్వాత శవం ఎక్కడుందో చెబుతామన్నారు."

నర్సు గొంతులోంచి వచ్చిన చప్పుడు మాటలా లేదు. ఆవిడ మెల్లగా గోడ వైపు తిరిగింది.

టైలరమ్మ గోడ గడియారం చూస్తోంది. నాలుగూ ఆరు.

"ఆ కాగితంలో ముక్కలు చదవక్కర్లేదు," అంది టైలరమ్మ. "నాకు కంఠతా వచ్చు. ఒకే పేరు గల విద్యార్థులు ఉన్నందున. రోజూ నిద్ర లేవగానే చదువుకుంటాను. రేపు నా పేరు బయటపడకపోతే మళ్ళీ అదే కాగితం రాసుకునేవాళ్ళు. తారీఖు మారిస్తే చాలు."

"రెయిన్‌కోటు మీ అబ్బాయిది," అంది ఇన్‌స్పెక్టర్.

"ఒకటో తరగతిలో చేరినప్పుడు కొన్నాను. ఎదుగుతాడని రెండు సైజులు పెద్దది తీసుకున్నాను. ఒక్క వానకైనా తొడుక్కోలేదు వాడు."

"పిల్లాడెక్కడ?"

"ముందు దాన్ని చెప్పమనండి." నర్సు వైపు చూడకుండా చెయ్యి చూపింది. "ఆ రోజు ఏం జరిగింది? విచారణలో గుర్తులేదంది. నా దగ్గరికి రాలేదు. ఇప్పుడు గుర్తొస్తుందేమో చూద్దాం. పద్నాలుగు నిమిషాలుంది."

నర్సు బెంచీలోంచి కింద పడినట్టే లేచింది. నేల మీద కూలబడి టైలరమ్మ కాళ్ళు పట్టుకుంది. "అక్కా, వాడెక్కడున్నాడో చెప్పక్కా. నన్నేమైనా చెయ్యి."

"చెప్పు ముందు."

ఇన్‌స్పెక్టర్ జేబులో ఫోన్ రెండుసార్లు అదిరి ఆగింది.

నాలుగూ తొమ్మిది. పిల్లాడు దొరికాడు. క్షేమం.

నోరు తెరిచి ఒక్క మాట చెబితే నేల మీద ఉన్న తల్లికి ప్రాణం లేచొచ్చేది. ఇన్‌స్పెక్టర్ చెప్పలేదు. చేతులు కట్టుకుని నిలబడింది. వింటోంది.

"ఆ రోజు బడికి తనిఖీవాళ్ళు వస్తున్నారు," అంది నర్సు. మాటలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. "గుమాస్తా సెలవు. కార్డు కావాలంటే ప్రిన్సిపాల్‌గారే తెచ్చిచ్చారు. నలుగురి కార్డులూ ఒకే చోట ఉంటాయి. పైనున్నది తెచ్చారు. చూస్తే ఇంటిపేరు వేరుగా ఉంది. అడిగాను. ఒట్టు, అడిగాను అక్కా. ఇంటిపేరు తేడాగా ఉంది మేడమ్, వాళ్ళమ్మ ఎదురుగానే ఉంటుంది, పిలిచి అడుగుదామన్నాను. పేరు అదే కదా, వేసెయ్, వాళ్ళొచ్చేసరికి ఈ గదిలో ఎవరూ ఉండకూడదన్నారు. వేశాను."

"అబద్ధం," అంది ప్రిన్సిపాల్.

"పది నిమిషాల్లో ఊపిరాడలేదు వాడికి. కారు పంపమన్నాను. గేటు దగ్గర తనిఖీవాళ్ళ బళ్ళున్నాయి, ఆగమన్నారు. ఇరవై నిమిషాలు ఆగాం."

"ఆధారం లేకుండా మాట్లాడుతోంది. భయంలో ఏదైనా అంటుంది."

నర్సు మొదటిసారి ప్రిన్సిపాల్ కళ్ళలోకి చూసింది. "ఆ కార్డు నా దగ్గరుంది. చింపెయ్యమన్నారు. చింపానని చెప్పాను. వెనక మీ చేత్తో మందు పేరు, టైము రాసిచ్చారు కదా, అది కూడా ఉంది. మావాడికి ఫీజు లేకుండా సీటిచ్చారు. నేను నోరు మూసుకున్నాను. వాడి చదువు కోసం నోరు మూసుకున్నాను."



టైలరమ్మ కాళ్ళు వెనక్కి లాక్కుంది. "రెండేళ్ళు. రోజూ రెండుసార్లు ఈ గేటుకొచ్చావు. నీ కొడుకు చొక్కాలు నేనే కుట్టాను. కొలతలకి తీసుకొచ్చి నా ముందు నిలబెట్టావు. నా చేతులతో వాడి భుజాలు కొలిపించావు. ఒక్క రోజు, ఒక్క మాట చెప్పలేకపోయావా?"

నర్సు తల నేలకి ఆనించింది.

"బాబాయ్," అంది ఇన్‌స్పెక్టర్. "రండి."

తలుపు తెరుచుకుంది. హెడ్ కానిస్టేబుల్ ఎడం చేతిలో పసుపుపచ్చ రెయిన్‌కోటులో ఉన్న పిల్లాడు. కుడి చేతిలో మూతపెట్టిన పాల గ్లాసు. పిల్లాడు జారి దిగి తల్లి మెడకి చుట్టుకున్నాడు. ఆవిడ వాణ్ణి ఎంత గట్టిగా పట్టుకుందంటే వాడు, "అమ్మా, నొప్పి," అన్నాడు.

"టైలర్ షాపు పైగదిలో ఉన్నాడు మేడమ్. బొమ్మలేసుకుంటున్నాడు. వెనక సందులో స్కూటరుంది. ఎడం పక్కకి వెళ్ళి, చుట్టు తిరిగి సందులోకొస్తే నాలుగు నిమిషాలు." ఆయన గ్లాసు బల్ల మీద పెట్టాడు. "గడియారంలో పెద్ద ముల్లు నాలుగు మీదకి రాగానే తాగమందట ఆంటీ. అడుగున మాత్రల పొడి పేరుకుంది. ముట్టుకోలేదు వాడు. పాలు ఇష్టం లేదట."

ఇన్‌స్పెక్టర్ టైలరమ్మ వైపు తిరిగింది. "మిషను వీధివైపు తిప్పుకున్నారు. వెలుతురు లేకపోయినా ఫర్వాలేదనుకున్నారు. మెట్ల మీద కూర్చున్న ఆవిణ్ణి చూస్తూ కుట్టుకోవాలి మీకు. అక్కడ దొరికిపోయారు."

"మీకెప్పుడు తెలిసింది, వాడు దొరికాడని?"

"నాలుగూ తొమ్మిదికి."

"అప్పటికింకా ఇది నోరు విప్పలేదు." టైలరమ్మ ఇన్‌స్పెక్టర్‌ని పరీక్షగా చూసింది. "మరి ఆపలేదే?"

ఇన్‌స్పెక్టర్ ఆ ప్రశ్నని పక్కన పెట్టింది. తను ఒకటి అడిగింది. "వాడు తాగేదాకా చూస్తూ ఊరుకునేవారా?"

టైలరమ్మ గ్లాసు వంక చూసింది. "పైకెళ్ళి పారబోసేదాన్నో, కూర్చుని చూసేదాన్నో, నాకే తెలియదండీ. నాలుగూ ఇరవై అయితే తెలిసేది."

ప్రిన్సిపాల్ లేచింది. "నేను వెళ్ళొచ్చా? ఇంక నాతో పనేముంది?"

"కూర్చోండి. మధ్యాహ్నం ఆయన నాలుగూ ఇరవై అనగానే మీరు రెండుసార్లు అడిగారు. అప్పుడే పోల్చుకున్నారు మీరు, ఇది ఎవరి పనో. రోడ్డుకి అవతల షాపు. వేలు చూపిస్తే సరిపోయేది. మూడు గంటలు మాట్లాడలేదు. ఈ పిల్లాడు పోయినా ఫర్వాలేదు, ఆ ఫైలు బయటికి రాకూడదు. ఇదీ లెక్క." ఇన్‌స్పెక్టర్ గొంతు అప్పటికీ పెరగలేదు. "ఆ రోజు గుర్తించలేదని చెప్పుకున్నారు. ఇవాళ్టికి ఏం చెబుతారో స్టేషన్లో వింటాను. నాకు తొందరేం లేదు."

ప్రిన్సిపాల్ కూర్చుంది. చిన్న బెంచీ. మోకాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు ఆవిడకి.

టైలరమ్మని తీసుకెళ్తుంటే గుమ్మం దగ్గర నర్సు అడ్డం వచ్చింది. కొడుకు చంకలోనే ఉన్నాడు. ఆవిడ కళ్ళు బల్ల మీది గ్లాసు వైపు వెళ్ళి వచ్చాయి.

"కోర్టులో ఇదే చెప్పు," అంది టైలరమ్మ. "చెప్పినంత మాత్రాన నిన్ను క్షమిస్తాననుకోకు."

"చెబుతాను," అంది నర్సు. ఏడుపు ఆగిపోయింది ఆవిడకి. "నేనూ నిన్ను క్షమించను."

ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. లెక్క సరిపోయినట్టు టైలరమ్మ తలాడించి జీపెక్కింది.

*

కేసులు రెండూ ఒకే కోర్టులో పదమూడు నెలలు నడిచాయి. నర్సు సాక్ష్యం చెప్పింది. తన తప్పుకి తనూ శిక్ష వేయించుకుంది, ఉద్యోగం పోగొట్టుకుంది. కొడుకుని వేరే బళ్ళో వేసింది. హెల్త్ కార్డు, వెనక రాత, కోర్టు బల్ల మీదకి వచ్చాయి.

తీర్పు రోజు ఇన్‌స్పెక్టర్ యూనిఫారం లేకుండా వెళ్ళి వెనక వరసలో కూర్చుంది. అక్కడ ఆవిడకి పనేమీ లేదు. ఆ మూడో తరగతి గదిలో ఆరు నిమిషాలు ఎందుకు మౌనంగా నిలబడిందని పై అధికారులు సంజాయిషీ అడిగారు. నిజం రాసిచ్చింది. ప్రమోషన్ ఆగిపోయింది. దాని గురించి ఆవిడ ఎవరితోనూ మాట్లాడలేదు.

జడ్జిగారు ముందు టైలరమ్మ కాగితం తీశారు. పిల్లాడి అపహరణ, హత్యాయత్నం. చదవబోతుండగా టైలరమ్మ బోనులో చెయ్యెత్తింది.

"ఒక్క మనవి అయ్యా. ఆవిడకెంత పడిందో ముందు చెప్పండి."

అలా చెప్పే పద్ధతి లేదన్నాడు కోర్టు గుమాస్తా. జడ్జిగారు కాసేపు ఆవిడ వంక చూశారు. కాగితాలు కింద పెట్టి రెండో కట్ట తీశారు.

"నాలుగేళ్ళ కఠిన కారాగార శిక్ష."

రెండో బోనులో ప్రిన్సిపాల్ కమ్మీ పట్టుకుంది.

టైలరమ్మ ఆ అంకెని నోట్లోనే ఒకసారి అనుకుంది. చాలలేదని మొహంలో తెలుస్తూనే ఉంది. అయినా కొంగు సర్దుకుని నిటారుగా నిలబడింది.

"సరే," అంది. "ఇప్పుడు నాది చదవండి."